స్ట్రెచర్ కదిలే ముందు: ఐసీయూ రోగి తరలింపుపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఐసీయూలో ఉన్న రోగిని సీటీకో, ఎమ్మారైకో, థియేటర్‌కో తీసుకెళ్లి వెనక్కి తీసుకురావడం మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో రోగుల బంధువులవీ ఉన్నాయి, నర్సులవీ ఉన్నాయి. క్రిటికల్ కేర్ వైద్యులు, ఐసీయూ నర్సింగ్ ఇన్‌ఛార్జులు కలిసి జవాబులిచ్చారు.

ప్రశ్న: మా నాన్నగారు వెంటిలేటర్ మీద ఉన్నారు. తలకు సీటీ తీయాలని పొద్దున 10 గంటలకు రాశారు. స్ట్రెచర్ బయటికి వచ్చేసరికి 10.50 అయింది. సీటీ గది అదే అంతస్తులో ఉంది. అర్జెంటు అంటూనే ఇంత ఆలస్యం ఎందుకు? పైగా దారిలో అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) కాసేపు నొక్కమని నన్ను అడిగారు. అలా చేయించొచ్చా?
— ఖమ్మం

జవాబు: రెండో ప్రశ్నకే ముందు జవాబు. చేయించకూడదు. ఆ బ్యాగ్ నొక్కడం తేలికగా కనిపిస్తుంది. పెద్దవాళ్లకు ఐదారు సెకన్లకు ఒకసారి, ఛాతీ కొద్దిగా లేచేంత వరకే నొక్కాలి. కంగారులో ఉన్న చెయ్యి నిమిషానికి 30 సార్లు నొక్కేస్తుంది. అప్పుడు లోపలికి వెళ్లిన గాలి బయటికి వచ్చే వ్యవధి ఉండదు, ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది, గుండెకు రక్తం తిరిగి రావడం తగ్గి బీపీ పడిపోతుంది. తమ తండ్రి ప్రాణం తమ చేతిలో ఉందన్న భయంతో నడుస్తున్న కొడుకునో కూతురినో ఆ పనికి పెట్టడం వాళ్లకూ అన్యాయమే. అమెరికా క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం 2004 మార్గదర్శకాల ప్రకారం రోగి వెంట కనీసం ఇద్దరు సిబ్బంది ఉండాలి, వాళ్లలో ఒకరు ఐసీయూ నర్సు. రోగి నిలకడగా లేకపోతే, గొంతులో ట్యూబు వేయగల డాక్టరు తప్పనిసరి. స్ట్రెచర్ తోసే వార్డు బాయ్ ఈ లెక్కలోకి రాడు.

ఇక 50 నిమిషాల సంగతి. సీటీ గదికి ఫోన్ చేసి టేబుల్ ఖాళీ అయిందని నిర్ధారించుకోకుండా బయల్దేరితే రోగి వరండాలో పడిగాపులు పడాలి. ఐసీయూ వెంటిలేటర్ నుంచి వెంట తీసుకెళ్లే చిన్న వెంటిలేటర్‌కు మార్చాక 10 నుంచి 15 నిమిషాలు మంచం దగ్గరే చూడాలి. అక్కడ నిలవని ఆక్సిజన్ శాతం వరండాలో అసలే నిలవదు. గొంతు ట్యూబు మీది ఏ సెంటీమీటర్ల గుర్తు పళ్ల దగ్గర ఉందో చూసి రాసుకోవాలి (మామూలుగా ఆడవాళ్లకు 21, మగవాళ్లకు 23 దరిదాపుల్లో ఉంటుంది), టేపు వదులైతే మార్చాలి, కఫం లాగేయాలి. ముక్కు గొట్టంలో ఆహారం ఆపాలి. ఇవన్నీ వైద్యంలో భాగమే, వాటికి పట్టిన సమయం వృథా కాదు. మెదడు వాపుతో కంటిపాప పెద్దదవుతున్న రోగి విషయంలో మాత్రం ఇవన్నీ కుదించుకుని నిమిషాల్లో కదలాలి. స్ట్రెచర్ దొరక్కో, లిఫ్ట్‌మన్ లేకో ఆలస్యమైతే అది వేరే సంగతి, దాన్ని మీరు గట్టిగా అడగొచ్చు.

మీరు చేయగలిగింది: పాత స్కాన్ ఫిల్ములు, కేస్ షీటు పట్టుకోవడం, ముందు నడిచి దారి ఖాళీ చేయించడం. బయల్దేరే ముందు "ఈ స్కాన్‌తో వైద్యం ఏం మారుతుంది?" అని డాక్టరును అడగండి. జవాబు స్పష్టంగా లేకపోతే మంచం దగ్గరే తీసే ఎక్స్‌రేతోనో, అల్ట్రాసౌండ్‌తోనో పని జరుగుతుందేమో కూడా అడగండి. కదపకుండా పని అయిపోతే అంతకన్నా మేలు లేదు.

ప్రశ్న: సిలిండర్ ఎంతసేపు వస్తుందో ఎలా లెక్క కట్టాలి? మా దగ్గర అందరూ "ఫుల్లే ఉంది సిస్టర్" అంటారు.
— స్టాఫ్ నర్సు, నిజామాబాద్

జవాబు: ఆ మాటను ఎప్పుడూ నమ్మకండి, గేజి చూడండి.

నల్లటి ఒంటికి తెల్లటి మెడ ఉండే బీ టైపు సిలిండర్‌లో నీళ్లు పోస్తే దాదాపు 10 లీటర్లు పడతాయి. గేజి 150 బార్ చూపిస్తే 10 ఇంటూ 150, అంటే 1500 లీటర్ల ఆక్సిజన్. అంతకన్నా చిన్నదైన 'ఏ' (A) టైపు సిలిండర్‌లో దాదాపు 5 లీటర్లు, నిండుగా ఉంటే 750. మీ గేజి పీఎస్ఐలో ఉంటే నిండు సిలిండర్ సుమారు 2,100 చూపిస్తుంది.

ఇప్పుడు అసలు లెక్క. బీ టైపు గేజి 50 దగ్గర ఉంది. ఆఖరి 20ని లేనట్టే అనుకోవాలి. మిగిలింది 30, అంటే 300 లీటర్లు. అంబు బ్యాగ్‌కు నిమిషానికి 15 లీటర్లు పెడితే 20 నిమిషాలు. సీటీకి వెళ్లి రావడానికి 40 నిమిషాలు పడుతుందంటే ఆ సిలిండర్ చాలదు. అనుకున్న సమయానికి రెట్టింపు సరిపోయేలా తీసుకెళ్లాలి. ఇక్కడ 40కి 80 నిమిషాలు, 1200 లీటర్లు, అంటే దాదాపు నిండు బీ టైపు కావాలి.

వెంటిలేటర్ వాడితే ఒక్కో శ్వాసకు 450 మిల్లీలీటర్లు, నిమిషానికి 20 శ్వాసలైతే 9 లీటర్లు. దానికితోడు యంత్రం తనకోసం నిరంతరం వదిలే ప్రవాహం ఉంటుంది. అది ఎంతో యంత్రంతో వచ్చిన పుస్తకంలో చూడండి. తెలిసేదాకా 15 లీటర్లని వేసుకోండి. హైఫ్లో (ముక్కులోకి వేగంగా ఆక్సిజన్ పంపే యంత్రం) మీద నిమిషానికి 60 లీటర్లు తీసుకునే రోగికి నిండు బీ టైపు కూడా 25 నిమిషాలే. పైగా ఆ యంత్రంలో నీటిని వేడి చేసే భాగానికి కరెంటు కావాలి. అలాంటి రోగిని ఎలా తీసుకెళ్లాలో డాక్టరు ముందే తేల్చాలి.

ఇంకో మోసం గురించి చెప్పాలి. నిన్న వాడినవాళ్లు వాల్వు కట్టేసి, రెగ్యులేటర్‌లో మిగిలిన ఒత్తిడి వదలకుండా వెళ్లిపోయారనుకోండి. గేజి ముల్లు 120 దగ్గరే నిలబడి ఉంటుంది. మీరు చూసి సరే అనుకుంటారు. గొట్టం తగిలించి 10 లీటర్లు పెట్టగానే ముల్లు కళ్లముందే సున్నాకు జారిపోతుంది. అందుకే తాళంచెవితో వాల్వు మెల్లగా పూర్తిగా తెరిచి, 10 లీటర్లు వదిలి, పది సెకన్లు ముల్లు మీద నుంచి కన్ను తిప్పకుండా చూడండి. కదలకుండా ఉంటేనే నమ్మండి. 'స్స్' మని చప్పుడు వస్తే వాషర్ చూడాలి. నూనె, గ్రీజు తగలకూడదు, శానిటైజర్ తడి ఆరని చేత్తోనూ ముట్టుకోకూడదు. తాళంచెవిని సిలిండర్‌కే గొలుసుతో కట్టి ఉంచండి. సిలిండర్‌ను రోగి కాళ్ల మధ్య పడుకోబెట్టడం మానేసి, స్ట్రెచర్ కింది అరలో బిగించండి.

ప్రశ్న: నోర్అడ్రినలిన్ (బీపీ నిలబెట్టే మందు) నడుస్తున్న పేషెంట్‌ను సీటీ టేబుల్ మీదికి మార్చగానే బీపీ 110 నుంచి 60కి పడిపోయింది. పంపు ఆగలేదు, అలారం రాలేదు. తప్పు ఎక్కడ జరిగింది?
— స్టాఫ్ నర్సు, కాకినాడ

జవాబు: ఈ పేజీలో అన్నిటికన్నా విలువైన ప్రశ్న ఇది. వరండాలో నడిచేటప్పటికన్నా మంచం నుంచి స్ట్రెచర్‌కు, స్ట్రెచర్ నుంచి టేబుల్‌కు మార్చే ఆ రెండు మూడు నిమిషాలే ఎక్కువ ప్రమాదం.

50 మిల్లీలీటర్ల సిరంజిలో 4 మిల్లీగ్రాముల మందు కలిపి గంటకు 5 మిల్లీలీటర్లు ఇస్తున్నారనుకుందాం. అంటే నిమిషానికి రెండు చుక్కల కన్నా తక్కువ. అంత సన్నటి ధార మీద బీపీ నిలబడి ఉంది. పంపును స్టాండు మీద నుంచి తీసి టేబుల్ కింద పెట్టారు. ఎత్తు తగ్గగానే సిరంజిలో, గొట్టంలో ఉన్న కాస్త వదులు వల్ల మందు ముందుకు వెళ్లడం కొద్ది నిమిషాలు ఆగుతుంది. పంపు మాత్రం తన లెక్క ప్రకారం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి అలారం రాదు. నోర్అడ్రినలిన్ ప్రభావం రెండు మూడు నిమిషాల్లోనే తగ్గిపోతుంది కనుక బీపీ పడుతుంది. కంగారులో పంపును పైకెత్తితే ఆగిన మందంతా ఒక్కసారి దూకి బీపీ 200 దాటొచ్చు. పంపు రోగి గుండె ఎత్తులోనే ఉండాలి, మార్చేటప్పుడూ ఆ ఎత్తులోనే జరగాలి.

ఇంకో నాలుగు చూడండి. త్రీవే (గొట్టాలను కలిపే మూడు దారుల కుళాయి) ఎవరి చెయ్యో తగిలి తిరిగిందా? గొట్టం రోగి భుజం కింద నలిగిందా? బీపీ కఫ్, మందు వెళ్తున్న క్యాన్యులా ఒకే చేతికి ఉన్నాయా? అలా ఉంటే కఫ్ బిగిసిన ప్రతిసారీ మందు ఆగుతుంది. ఆక్సిజన్ క్లిప్పు కూడా అదే చేతికి ఉంటే శాతం ఉత్తుత్తిగా పడిపోయి అందరినీ పరుగులు పెట్టిస్తుంది. నాలుగోది, కదిపే ముందు మత్తు మందు కాస్త ఎక్కువ ఇచ్చారా? ఇస్తే బీపీ దానివల్లా పడుతుంది.

సిరంజిలో గంటకు సరిపడా కూడా లేకపోతే బయల్దేరే ముందే మార్చండి, దారిలో కాదు. ఒక నిండు సిరంజి లేబుల్ వేసి వెంట ఉంచండి. ఆ లైన్‌లో వేరే ఏ మందూ తోయకండి, సెలైన్‌తో ఫ్లష్ చేసినా గొట్టంలో ఉన్న మందంతా ఒకేసారి లోపలికి వెళ్తుంది. కాంట్రాస్ట్‌కు (స్కాన్‌లో స్పష్టంగా కనిపించేందుకు ఎక్కించే మందు) మోచేతి మడత దగ్గర 18 లేదా 20 గేజి క్యాన్యులా విడిగా ఉండాలి.

టేబుల్ మీదికి మార్చేటప్పుడు తల దగ్గర ట్యూబు పట్టుకున్న వ్యక్తే లెక్క పెట్టాలి. "మూడు" అన్నప్పుడే కదపాలా, మూడు అయ్యాకా అన్నది ముందే మాట్లాడుకోండి. సగంమంది ఒకలా సగంమంది ఒకలా లాగినప్పుడే ట్యూబు ఊడుతుంది. స్ట్రెచర్ బ్రేకులు వేసి, చేత్తో తోసి చూడండి. జారుడు పలక లేకపోతే దుప్పటి అంచులు చుట్టి పట్టుకుని, ఇటు ఇద్దరు అటు ఇద్దరు, తల దగ్గర ఒకరు, కాళ్ల దగ్గర ఒకరు ఉండాలి. స్కాన్ మొదలుపెట్టే ముందు టేబుల్‌ను ఒకసారి లోపలికీ బయటికీ ఉత్తినే నడపమని టెక్నీషియన్‌ను అడగండి. ఏ గొట్టం పొడుగు చాలదో అప్పుడే తెలుస్తుంది.

ప్రశ్న: లిఫ్టులో ఉండగా ఆక్సిజన్ శాతం 98 నుంచి 80కి వచ్చేసింది. ముందు ఏం చేయాలి?
— డ్యూటీ డాక్టర్, ఒంగోలు

జవాబు: వెంటిలేటర్ తీసేసి, అంబు బ్యాగ్‌కు 15 లీటర్ల ఆక్సిజన్ పెట్టి చేత్తో ఊపిరి ఇవ్వండి. యంత్రం ఎంత మంచిదైనా రోగి తల పక్కనే బ్యాగ్, దానికి సరిపోయే మాస్కు ఉండాలని చెప్పేది ఇందుకే. శాతం పెరిగితే తప్పు యంత్రానిది, లేదా సిలిండర్‌ది.

పెరగకపోతే ట్యూబు గుర్తు చూడండి. తల ముందుకు వంగితే ట్యూబు లోపలికి, వెనక్కి వాలితే బయటికి, సుమారు 2 సెంటీమీటర్లు జరుగుతుంది. లోపలికి జరిగితే కుడి ఊపిరితిత్తికే గాలి వెళ్తుంది. బ్యాగ్ గట్టిగా ఉండి సక్షన్ గొట్టం దిగకపోతే కఫం అడ్డు పడినట్టు. ఒకవైపు ఛాతీ లేవక, బీపీ కూడా పడుతుంటే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందేమోనని అనుమానించాలి. క్యాప్నోగ్రాఫ్ (వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ను చూపే యంత్రం) గీత చదునైతే, వేరే కారణం రుజువయ్యేదాకా ట్యూబు ఊడిందనే లెక్క. ఊడిన ట్యూబును గుడ్డిగా లోపలికి నెట్టొద్దు. తీసేసి రెండు చేతులతో మాస్కు బిగించి ఊపిరి ఇవ్వండి. మెడకు రంధ్రం చేసి వారం కూడా కాని రోగికైతే మెడ దగ్గర మూసి, నోటి మీద మాస్కుతో ఇవ్వాలి.

పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తిలో నిలిపి ఉంచే ఒత్తిడి) 10, అంతకు మించి ఉన్న రోగిని ఊరికే ఊరికే వెంటిలేటర్ నుంచి విప్పకండి, తెరుచుకున్న ఊపిరితిత్తి మళ్లీ ముడుచుకుపోతుంది. యంత్రం మార్చే ఆ కొద్ది సెకన్లు ట్యూబును గాజ్ గుడ్డ (గాయాలకు కట్టే పల్చటి గుడ్డ) చుట్టిన క్లాంపుతో పట్టి ఉంచొచ్చు. తీగ చుట్టిన ట్యూబులకు మాత్రం క్లాంపు వేయకూడదు, నలిగితే మళ్లీ తెరుచుకోవు.

ప్రశ్న: ఛాతీ గొట్టం (ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలిని, నీటిని సీసాలోకి తీసేది) ఉన్న పేషెంట్‌ను కదిపేటప్పుడు క్లాంపు వేయాలా? సీసా స్ట్రెచర్ మీద పెట్టొచ్చా?
— నర్సింగ్ విద్యార్థిని, కర్నూలు

జవాబు: రెండూ వద్దు. సీసా ఛాతీ కన్నా కిందే, నిటారుగా, స్ట్రెచర్ పక్క కమ్మీకి వేలాడాలి. పైకి లేస్తే నీళ్లు ఛాతీలోకి వెళ్లగలవు. క్లాంపు వేస్తే, ముఖ్యంగా వెంటిలేటర్ మీద ఉండి సీసాలో బుడగలు వస్తున్న రోగికి, బయటికి రావాల్సిన గాలి లోపలే చేరి గుండెను నొక్కేస్తుంది. క్లాంపు జేబులో ఉండాలి, సీసా మార్చాల్సి వస్తే క్షణకాలం వాడటానికి. సీసా పగిలితే గొట్టం కొసను ఒక గిన్నెడు స్టెరైల్ నీళ్లలో ముంచి పెట్టండి.

మెదడు నుంచి నీరు తీసే గొట్టం విషయం దీనికి పూర్తిగా తారుమారు. కదిపేటప్పుడు దాన్ని మూయాలి, చేరాక చెవి ముందరి ఎత్తుకు సరిచూసి తెరవాలి. మూసినవాళ్లే తెరవాలని పెట్టుకోండి. మూసి మరిచిపోవడమే ఇందులో జరిగే తప్పు.

ప్రశ్న: ఎమ్మారైకి తీసుకెళ్తే మా అమ్మ పుస్తెలతాడుకు ఉన్న పిన్నీసులతో సహా అన్నీ తీయించారు. ఐసీయూ నుంచి వెళ్లే మనిషికి ఇంత అవసరమా?
— వరంగల్

జవాబు: అవసరమే. ఎమ్మారై యంత్రంలోని 1.5 టెస్లా అయస్కాంతం భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30,000 రెట్లు. స్కాన్ తీయనప్పుడూ, కరెంటు పోయినప్పుడూ అది పని చేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలో రోగి బంధువు ఒకాయన ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఎమ్మారై గదిలోకి వెళ్లి, అయస్కాంతం లాగేయడంతో ప్రాణం పోగొట్టుకున్నారు. పిన్నీసులు, మొలతాడుకు కట్టిన తాయెత్తు, జడపిన్నులు, దుప్పటి కింద మరిచిపోయిన కత్తెర, అన్నీ చూడాలి. మామూలు సిలిండర్, స్ట్రెచర్, పంపు, మానిటర్ ఏవీ లోపలికి వెళ్లకూడదు. ఎమ్మారైకి తగినవని రాసి ఉన్నవే వెళ్లాలి. మామూలు మానిటర్ తీగలు చర్మాన్ని కాల్చగలవు.

లోపల గుండె ఆగితే టేబుల్‌తో సహా రోగిని బయటి గదికి లాగి, అక్కడే గుండె నొక్కడం సాగించాలి. ఎమర్జెన్సీ ట్రాలీని లోపలికి తోయకూడదు.

ప్రశ్న: మా మామయ్యను ర్యాంపు మీద కాళ్లు ముందుకు పెట్టి దించారు. శవాన్ని తీసుకెళ్లినట్టు అది అశుభమని మా అత్తయ్య ఏడ్చింది. తిప్పమంటే సిబ్బంది ఒప్పుకోలేదు.
— శ్రీకాకుళం జిల్లా

జవాబు: అత్తయ్యగారి బాధ అర్థమవుతుంది. కానీ ర్యాంపు దిగేటప్పుడు తల ముందు ఉంటే తల కిందికి వాలుతుంది. తలకు దెబ్బ తగిలినవాళ్లకు మెదడులో ఒత్తిడి పెరుగుతుంది, కడుపులో ఉన్నది గొంతులోకి వస్తుంది. ఎక్కేటప్పుడు తల ముందు, దిగేటప్పుడు కాళ్లు ముందు, అంటే తల ఎప్పుడూ ఎగువనే. ఈ ఒక్కమాట సిబ్బంది ముందే చెప్పి ఉంటే ఆమెకు అంత దుఃఖం ఉండేది కాదు.

ప్రశ్న: మాది 30 పడకల ఆసుపత్రి. వెంట తీసుకెళ్లే వెంటిలేటర్ కొనే స్తోమత లేదు. కనీసం ఏమేం ఉండాలి?
— అనంతపురం

జవాబు: అంబు బ్యాగ్‌కు పీప్ వాల్వు, ఆక్సిజన్ నిలవ సంచి. ఈసీజీ, బీపీ, ఆక్సిజన్ శాతం చూపే చిన్న మానిటర్. డబ్బు మిగిలితే అన్నిటికన్నా ముందు క్యాప్నోగ్రాఫ్ కొనండి. ఒక సంచిలో లారింగోస్కోపు (గొంతులోకి చూసే సాధనం), దానికి 3, 4 నంబరు బ్లేడ్లు, 7, 7.5, 8 ట్యూబులు, బూజీ (ట్యూబుకు దారి చూపే సన్నటి కడ్డీ), 4 నంబరు ఐజెల్ (ట్యూబు పడనప్పుడు గొంతులో పెట్టే సాధనం), 10 మిల్లీలీటర్ల సిరంజిలు, చేత్తో నడిచే సక్షన్, అడ్రినలిన్, అట్రోపిన్, అర లీటరు సెలైన్. సంచికి సీలు వేయండి, సీలు తెగితే లెక్క చూసి నింపాలి. డీఫిబ్రిలేటర్ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) కూడా వెంట ఉండాలి.

బ్యాటరీలను నమ్మొద్దు. పాతబడ్డ బ్యాటరీ తెరమీద నిండుగా చూపించి ఐదు నిమిషాల్లో పడుకుంటుంది. నెలకోసారి ప్లగ్ పీకి, ఎంతసేపు నడిచిందో గడియారం పెట్టి చూసి, ఆ నిమిషాలు యంత్రం మీద స్టిక్కర్ రాసి అంటించండి.

ప్రశ్న: స్కాన్‌కు వెళ్తూ ఆహారం ఆపాం. వచ్చేసరికి షుగర్ 48. ఎందుకు?
— స్టాఫ్ నర్సు, కరీంనగర్

జవాబు: ఆహారం ఆపారు, ఇన్సులిన్ పంపు ఆపలేదు. ఆహారం ఆపిన చెయ్యే డాక్టరును అడిగి ఇన్సులిన్ సంగతీ చూడాలి, షుగర్ చూసి బయల్దేరాలి. మత్తులో ఉన్న రోగికి చెమట పట్టినా, ఫిట్స్ వచ్చినా మనం ఇంకేదో అనుకుంటాం. యూరోబ్యాగ్ కూడా ఆ పూటే ఖాళీ చేసేయండి. స్ట్రెచర్ మీదికి ఎత్తేటప్పుడు నిండు సంచిని పొట్ట మీద పెడితే మూత్రం వెనక్కి పోతుంది.

ప్రశ్న: తిరిగి వచ్చాక?
— అదే ఉత్తరం నుంచి

జవాబు: ముందు గోడ ఆక్సిజన్‌కు, కరెంటుకు మార్చి, ఆ తర్వాతే సిలిండర్ వాల్వు మూయండి. ట్యూబు గుర్తు, ట్యూబు చివరి బుడగలాంటి కఫ్‌లో ఒత్తిడి (20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి), రెండువైపులా గాలి, త్రీవేలు, మూసిన గొట్టాలు చూడండి. తల 30 డిగ్రీలు ఎత్తండి. ఆహారం, ఇన్సులిన్ మళ్లీ కలిపి మొదలుపెట్టండి. గంటసేపు బీపీ, ఆక్సిజన్ దగ్గరుండి గమనించండి. పంపులు, మానిటర్ ఛార్జింగ్‌లో పెట్టి, సిలిండర్ గేజిలో మిగిలిన అంకె సుద్దతో దాని మీదే రాసి పెట్టండి.